పాత ఫైలు ఉప్పు తిన్న ఫార్ములా

లోకంలో విశ్వాసం అడుగంటిందని వాపోయేవాళ్లు ఒకసారి ఎక్సెల్ ఫార్ములాను చూసి బుద్ధి తెచ్చుకోవాలి. ‘జీతాలు’ షీట్‌ని పాత ఫైల్లోంచి కొత్త ఫైల్లోకి కాపీ చేయండి. అందులో ‘రేట్లు’ అనే పక్క షీట్‌లోని బి2 సెల్‌ని పిలిచే ఫార్ములా ఉందనుకుందాం. కొత్త ఫైల్లోనూ అచ్చం అదే పేరుతో ‘రేట్లు’ షీట్ ఉన్నా సరే, అటువైపు కన్నెత్తి చూడదు. స్క్వేర్ బ్రాకెట్లలో పాత ఫైలు పేరు మెళ్లో వేసుకుని మరీ వస్తుంది. పాత ఫైలు మూసేశారా, డ్రైవ్ అక్షరం మొదలుకుని ఫోల్డర్ల దాకా పూర్తి చిరునామా అప్పజెప్పుతుంది. తిన్న ఉప్పు మరవకపోవడమంటే ఇదీ.

ఇంతటి స్వామిభక్తిని చెడగొట్టడానికి కొందరు కంకణం కట్టుకున్నారు. వాళ్ల కుతంత్రాలు బయటపెట్టక తప్పదు. కంట్రోల్ కీ నొక్కిపట్టి ‘జీతాలు’, ‘రేట్లు’ ట్యాబులు రెండూ కలిపి ఎంచుకుని, రైట్ క్లిక్ చేసి ‘మూవ్ ఆర్ కాపీ’ కొడతారు. రెండూ కలిసి వెళ్లాయి కాబట్టి ఫార్ములా తోటి షీట్‌నే చూసుకుంటుంది, పాత ఫైలు ఊసే ఎత్తదు. (అక్కడ ‘క్రియేట్ ఎ కాపీ’ గడిలో టిక్ పెట్టడం మరిచారో, షీట్ కాపీ కాదు, కాపురమే మార్చేస్తుంది.) ఇంకొందరు మరీ దుర్మార్గులు. ‘ఎడిట్ లింక్స్’లో (కొత్త ఎక్సెల్లో దీని పేరు ‘వర్క్‌బుక్ లింక్స్’) ‘చేంజ్ సోర్స్’ నొక్కి, సోర్సుగా కొత్త ఫైలునే చూపిస్తారు. అక్కడ అదే పేరుతో షీట్ ఉంటే చాలు, ఫార్ములాలన్నీ ఒక్క దెబ్బకి పార్టీ ఫిరాయిస్తాయి.

ఇలా ఎవరికి వారు సరిచేసుకుంటూ పోతే, ఫైలు తెరవగానే లింకులు అప్‌డేట్ చేయమంటారా అని పలకరించే ఆ పెట్టె గతేం కావాలి? పాత ఫైలు తయారుచేసిన మనిషి ఎప్పుడో ఉద్యోగం మానేశాడు. అతని ల్యాప్‌టాప్ ఫార్మాట్ అయిపోయింది. అయినా పెట్టె అడగడం మానదు. ‘అప్‌డేట్’ కొడితే ఫైలు దొరకలేదంటుంది. ‘డోంట్ అప్‌డేట్’ కొడితే ఏనాడో దాచుకున్న అంకెల్నే చూపిస్తుంది, ఎర్రర్ అన్న మాటే లేకుండా. ఆఫీసంతా రెండోదే నొక్కుతుంది, మీటింగు సజావుగా సాగిపోతుంది.

గూగుల్ షీట్స్‌కి ఈ సంస్కారం లేదు. ‘కాపీ టు’తో వెళ్లిన షీట్, తను పిలిచే షీట్ అక్కడ కనిపించకపోతే పిలిచిన చోటు లేదని చెప్పే రెఫ్ ఎర్రర్‌ని మొహమాటం లేకుండా మొహాన కొడుతుంది. తప్పును తప్పని అంత బాహాటంగా చెప్పడం మర్యాదస్తుల లక్షణమేనా? ఇన్‌డైరెక్ట్ ఫార్ములా మరో రకం. షీట్ పేరు కొటేషన్లలో ఉత్త మాటగా పెట్టుకుంటుంది కాబట్టి ఏ ఫైల్లోకి వెళ్తే ఆ ఫైల్లోనే వెతుక్కుంటుంది. పక్కా అవకాశవాది.

చేత్తో కాపీ, పేస్ట్ చేసే సంప్రదాయాన్ని చులకన చేసేవాళ్లు చరిత్ర చదవాలి. 2012లో జేపీ మోర్గాన్ బ్యాంకు 600 కోట్ల డాలర్లకు పైగా పోగొట్టుకుంది. అక్కడ నష్టభయాన్ని కొలిచే మోడల్, ఒక ఎక్సెల్ ఫైల్లోంచి ఇంకోదాంట్లోకి చేత్తో కాపీ పేస్ట్ చేస్తూ నడిచిందని ఆ బ్యాంకే తన నివేదికలో రాసుకుంది. నష్టానికి అదొక్కటే కారణం కాదులెండి, ట్రేడర్లకీ కాస్త పేరు దక్కాలి.

ఇక ఎక్సెల్లో మిగిలింది, పాత ఫైలుతో లింకు తెంచేసే ‘బ్రేక్ లింక్స్’. నొక్కితే ఫార్ములా చెరిగిపోయి, ఆ క్షణాన ఉన్న అంకె మాత్రం మిగులుతుంది. అన్‌డూ పనిచేయదు. దీన్ని మాత్రం మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. రేపు ఆడిటర్ వచ్చి ఈ 48,250 ఎక్కణ్ణించి వచ్చిందని అడిగితే, ధైర్యంగా సెల్ మీద క్లిక్ చేసి పైన ఫార్ములా బార్ చూపించొచ్చు. అక్కడ ఉండేది 48,250.