సవరణ: ‘మడ్’ ఒక్కరి సృష్టి కాదు

అక్షరాలతోనే పలువురు కలిసి ఆడే ‘మడ్’ అనే కంప్యూటర్ ఆట గురించి నిన్న రాసినదానిలో రెండు తప్పులు దొర్లాయి. దాన్ని 1980లో రిచర్డ్ బార్టిల్ ఒక్కరే తయారుచేశారన్నాను. కాదు. ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో 1978లో దాన్ని మొదలుపెట్టింది రాయ్ ట్రబ్‌షా. 1980లో ఆయన అక్కడి నుంచి వెళ్లిపోయాకే పగ్గాలు బార్టిల్ చేతికొచ్చాయి. పునాది వేసినవారి పేరే ఎగరగొట్టాను, మన్నించాలి.

రెండోది, ఈ ఆటలు ఇంటర్నెట్‌లో పలువురు రాతల్లో కబుర్లాడుకునే ఐఆర్‌సీ చాట్ గదుల్లో పుట్టాయన్న మాట. అసలు ఐఆర్‌సీ వచ్చిందే 1988లో! కొడుకు పెళ్లిలో తండ్రి పుట్టాడన్నట్టుంది నా లెక్క.

ఆటలో ‘నార్త్’కు పొట్టిగా ‘ఎన్’ అని కొట్టి ఎంటర్ నొక్కగానే ఉత్తరానికి నడవడం, కొత్త చోటు వర్ణన తెరమీద వరుసగా పడటం గురించి రాసిన భాగం సరైనదే. దాన్ని మార్చలేదు.