కొంగజపం పేరు మార్చాలి

కొంగజపం అనే మాట ఏ పెద్దాయన పుట్టించాడో గానీ, జనవరిలో తెల్లారి ఆరింటికి సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు మీద ఆయన ఒక్కసారి నిలబడుంటే ఆ పేరు కొంగకి పెట్టేవాడు కాదు.

మొన్న నేను నిలబడ్డా. రోడ్డుకి అటూ ఇటూ పులికాట్ సరస్సు, గాలి ఇంకా లేవలేదు, నీళ్ళు అద్దంలా ఉన్నాయి. ఫ్లెమింగోలు తలకిందులుగా ముక్కు నీళ్ళలో పెట్టి వడగట్టుకుని తింటున్నాయి, అసలు తల తిరగబడుంటే నీళ్ళలో నీడకి మాత్రం తల తిన్నగా ఉంది, చూస్తూ ఉండిపోవచ్చు.

ఇక మన తపస్వులు, అదే, పక్షుల ఫోటోలు తీసేవాళ్ళు. ఆరుగురు. బురదలో బోర్లా. కనుచూపు మేరలో చెట్టు లేదు, అంతా తెల్లటి ఉప్పుబురద, వీళ్ళేమో ఆకుపచ్చ మచ్చల మిలిటరీ జాకెట్లు! రాత్రికి రాత్రి ఆరు పొదలు మొలిచాయని పక్షులు నమ్మేసుండాలి పాపం, ఈలోగా ఒక పొదకి ఫోనొచ్చింది, "ఆ, ఫీల్డ్‌లో ఉన్నా, టిఫిన్ హోటల్లోనే తింటా, దోసెలు పోయొద్దు" అంది పొద. ఇంకో పొద "అయ్యో, ముక్కు తెగింది" అని కేక పెట్టింది. నేను హడలిపోయా. తీరా చూస్తే తెగింది నీడ ముక్కట, ఫ్రేమ్‌లో పట్టలేదట. నీడ మొత్తం పడకపోతే ఆ ఫోటోకి పరువుండదు, అది దేశభద్రత అంత సీరియస్ విషయం.

అయితే ఒక చిక్కుంది. ఫ్లెమింగో నిలబడితే తెలుపే, మహా అయితే లేత గులాబీ, ఆ ఎర్రటి ఎరుపంతా రెక్క విప్పితేనే కనిపించేది. అందుకని మొదట చప్పట్లు, తర్వాత ఈల, చివరికి రాయి.

ఒరే, అవి తింటున్నాయిరా! అంత పక్షి నీళ్ళ మీద అంతదూరం పరిగెత్తి గానీ లేవలేదు, తిన్నదంతా నీ ఒక్క ఫోటోకి ఖర్చయిపోతుంది. పక్కనే నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతుల (పెలికాన్ల) గూళ్ళ దగ్గర కూడా ఇదే వేషం వేస్తారు, తల్లి బెదిరి లేచిపోతే బొచ్చు కూడా రాని పిల్లలు ఎండలో మాడాలా, కాకులకి పలహారం అవ్వాలా? మళ్ళీ ఆ ఫోటో కింద 'సహజ ఆవాసంలో ప్రశాంతంగా' అని రాసుకోడం ఒకటి, సిగ్గులేని జన్మలు.

రాయి పడగానే నీళ్ళు చెదిరి నీడలన్నీ ముక్కలయ్యాయి. "పర్లేదన్నా, ఇంటికెళ్ళి ఫోటోషాప్‌లో పెట్టేద్దాం" అన్నాడు రాయేసినోడు. పెట్టాడు కూడా, నాకూ వాట్సాప్‌లో వచ్చింది. పైన పక్షులు ఎగురుతున్నాయి. కింద నీళ్ళలో వాటి నీడలు మాత్రం నిలబడి తాపీగా టిఫిన్ చేస్తున్నాయి.