ఎం తర్వాత ఏంది?

బీకామ్ అయిపోయినాక నేను ఏ పీజీ చేయాలో తేల్చడానికి మా ఇంట్లో మూడు వారాలు చర్చ జరిగింది. చర్చ అంటే నేను తప్ప అందరూ మాట్లాడారు. బెంగళూరులో ఉండే మామ ‘ఎంసీఏ చేస్తేనే ఇక్కడికి బస్సెక్కు, లేకుంటే అనంతపురంలోనే ఉండు’ అని ఫోన్లో తేల్చేశాడు. మా నాయన సరేనన్నాడు గానీ, ‘మూడేండ్లు నిన్ను ఎవుడు సాకాల’ అని ఒకటే గోల. ఎంసీఏ రెండేళ్లకు కుదించి చాలా రోజులైందని ఎన్నిసార్లు చెప్పినా ఆయన లెక్కలో ఆ మూడో ఏడు కదలదు.

ఎదురింట్లో రిటైర్డ్ లెక్చరర్ సార్ ఉంటే, ఆయనకైనా తెలుస్తుందని పోయాను. ‘ఎంకామ్ మంచిదా సార్?’ అన్నా, అంతే. మా అనంతపురం శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ (ఎస్కేయూ) ఒకప్పుడు తిరుపతి యూనివర్సిటీ వాళ్ల పీజీ సెంటరుగా ఉండేదని మొదలుపెట్టి, 1981లో అది సొంతంగా యూనివర్సిటీ అయ్యేదాకా వచ్చేసరికి గంటంపావు పట్టింది, రెండు కాఫీలు అయ్యాయి. ఎంకామ్ మంచిదో కాదో మాత్రం చెప్పలేదు, నాకూ మళ్లీ అడిగే ధైర్యం లేకపోయింది.

ఇట్లా కాదని నోట్‌బుక్కులో ఒక పేజీ చింపి, గళ్లు కొట్టి, ఎంబీఏ, ఎంసీఏ, ఎంకామ్, ఎంఏ అని నాలుగూ రాసుకుని, ఫీజెంత, ఉద్యోగమేంది, అమ్మ ఏమంటుంది అని ఒక్కోదానికీ నింపుకుంటూ పోయాను. అంత శ్రద్ధ డిగ్రీ మూడేళ్లలో ఒక్క అకౌంట్స్ లెక్క మీద కూడా పెట్టలేదు. టవర్ క్లాక్ దగ్గర ఉగ్గాని తింటూ దాన్ని నా దోస్తుకు చూపిద్దామని టేబుల్ మీద పరిచాను. వాడు హోటలాయన వేసిన కాగితం అనుకుని వేడి వేడి మిరపకాయ బజ్జీలు రెండు దాని మీద పెట్టేశాడు, నేను అరిచేసరికి కంగారుపడి తడిచేత్తో తుడిచాడు. జెల్ పెన్ను రాత కదా, అంతా నీలంగా అలుక్కుపోయింది. నాలుగు గళ్లల్లోనూ మొదట్లో ఉన్న ‘ఎం’ ఒక్కటే మిగిలింది. ‘ఏదో ఒక ఎం చేయప్పా’ అని వాడు ఆ బజ్జీలు కూడా తినేశాడు.

చివరికి మామ మాటే నెగ్గింది. నెట్ సెంటరుకు పోయి ఐసెట్ ఎంట్రెన్స్ పరీక్షకు అప్లికేషన్ పెట్టమన్నాను, ఎంసీఏకని.

‘ఇంటర్లో ఏం గ్రూపన్నా?’
‘సీఈసీ.’
‘డిగ్రీలో మ్యాథ్స్ ఉండెనా?’
‘లేదు.’

నెట్ సెంటరు పిల్లోడు మౌస్ మీద నుంచి చెయ్యి తీసేశాడు. అప్పటి రూలు ప్రకారం ఇంటర్లోనో డిగ్రీలోనో మ్యాథ్స్ చదివి ఉండాలంట ఎంసీఏకు. మూడు వారాలు, ఒక మామ, రెండు కాఫీలు, బజ్జీలు, ఇంతమందిలో ఈ ముక్క అడగాలని ఒక్కరికీ తోచలేదు. నాకూ తోచలేదనుకోండి, అది వేరే సంగతి. ‘పెట్టేస్తాలే అన్నా, ఐసెట్ రెండింటికీ ఒకటే పరీక్ష, ఎంబీఏలో చేరుదువు’ అన్నాడు వాడు. వెనక నలుగురు క్యూలో ఉన్నారు, సరేనన్నాను. నా కెరీర్ నిర్ణయం అట్లా జరిగింది.

ఫీజు కట్టడానికి నాయన ఏటీఎం కార్డు తెచ్చుకున్నా, ఓటీపీ ఏమో ఆయన ఫోనుకు పోయింది. ఆయనేమో శెనక్కాయ చేన్లో ఉన్నాడు.

‘నాయనా, మెసేజీలో ఆరంకెలు వచ్చింటాయి చూడు.’
‘వచ్చినాయి. ఎవురికీ చెప్పొద్దని రాసిండాది.’
‘నేను నీ కొడుకును!’
‘కొడుకైనా చెప్పొద్దని బ్యాంకు సారు మరీ మరీ చెప్పినాడు.’

మొదటి ఓటీపీ టైమైపోయింది. రెండోది కూడా అట్లే పోయింది. వెనక క్యూ ఏడుగురైంది. మూడోసారి నేను ఏడుపు గొంతు పెట్టేసరికి ఆయన కొంచెం మెత్తబడ్డాడు.

‘చెప్తా గానీ, ఇది ఎంసీఏకే కదా? ఊరంతా చెప్పుకున్నా.’

స్క్రీన్ మీద ఇంకా పద్నాలుగు సెకన్లు ఉన్నాయి. ‘ఊఁ, ఎంసీఏకే’ అన్నాను.

హాల్ టికెట్ వచ్చినాక ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. దాని మీద ఐసెట్ అనే ఉంది, ఎంసీఏ అనీ లేదు, ఎంబీఏ అనీ లేదు. కౌన్సెలింగ్ దాకా బతికిపోయాను.