గోంగూర కట్టల మీద ఆ నీళ్లేంటండీ?

సేంద్రియ గోంగూర అని బోర్డు పెడతారు, అరగంటకోసారి కట్టల మీద నీళ్లు చల్లుతారు, పైగా ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఇస్తారు. రైతు మందు కొట్టకుండా పండించిన ఆకు అది! ఇంటికొచ్చి కట్ట విప్పితే పైన నవనవలాడుతుంది, రబ్బరు బ్యాండు కింది ఆకు మాత్రం నల్లబడి వేలికి జిగురుగా అంటుకుంటుంది. పావు వంతు చెత్తబుట్టకే.

ఆ తడితో నిలవ పచ్చడి పెడితే బూజు రాక ఏమవుతుంది? ఆకు కడిగి, పల్చటి నూలుగుడ్డ మీద నీడన రాత్రంతా ఆరబెట్టాలి. పావుకిలో ఆకుకి నాలుగైదు చెంచాల నూనె పోసి, మూత పెట్టకుండా మగ్గించాలి. మూత పెడితే ఆవిరి నీరై మళ్లీ అందులోకే కారుతుంది. ఇనప మూకుడు వద్దు, పులుపుకి ఆకు నల్లబడి ఇనుము రుచి వస్తుంది.

ఇంకోటి, ఎర్ర గోంగూరా తెల్ల గోంగూరా కలిపి ఒకే కట్ట కడతారు. ఎర్రదానికి చింతపండు అక్కర్లేదు, తెల్లదానికి కాస్త కావాలి. కలిపేస్తే పులుపు ఎలా అంచనా వేయాలి?

కొనేవాళ్లూ తక్కువేం కాదు. పురుగు కొరికిన చిల్లు కనబడితే పక్కన పడేస్తారు. మందు కొట్టని చేలో చిల్లులుండవా?

అమ్మేవాళ్లూ, దయచేసి ఆకు తడపకండి. కాడల మొదళ్లకి తడి గోనెగుడ్డ చుట్టండి, చాలు.