వేసిన తాళానికే మళ్లీ తాళం

జరిగి మూడు గంటలే అయింది, మోచేతి మీద గీత ఇంకా మండుతోంది, అందుకని మొదటి భాగం గబగబా చెప్పేస్తాను. వాన వచ్చేలా ఉందని కారు వెనక సీటులోని గొడుగు కోసం వంగాను. అంతకు ముందే, తొందర మనిషిని కదా, తాళంచెవికున్న రిమోట్ నొక్కి తాళాలు వేసేశాను. గొడుగు ఎక్కడో చిక్కుకుంటే తాళంచెవి సీటు మీద పెట్టి రెండు చేతులా లాగాను. తలుపు వేశాను. కొత్త కార్లు తాళంచెవి లోపలే ఉందని పసిగట్టి గోల చేస్తాయి. నాది పాత బండి, యజమాని మాట జవదాటదు.

రెండో తాళంచెవి కూడా ఉంది. పోతుందేమోనని డాష్‌బోర్డు అరలో భద్రంగా దాచాను. ఏ కారు డాష్‌బోర్డు అని అడగకండి.

సహాయ కేంద్రానికి ఫోన్ చేశాను. టైరు పంక్చరైతే ఒకటి, బ్యాటరీ అయిపోతే రెండు, ఇంధనం అయిపోతే మూడు నొక్కాలట. బుద్ధి అయిపోతే ఏది నొక్కాలో చెప్పలేదు. చివరికి దొరికిన అమ్మాయి పాలసీ నంబరు అడిగింది. కాగితాలు కారులో ఉన్నాయన్నాను. "తీసి చదవండి సార్" అంది, ఎంతో ఓర్పుగా. పోనీ ఛాసిస్ నంబరు, అంటే కారు గుర్తింపు సంఖ్య, చెప్పమంది. నా బండిలో ఆ 17 అక్షరాలూ అంకెలూ బానెట్ కింద ఉన్నాయి. బానెట్ తెరిచే మీట స్టీరింగ్ కింద ఉంది.

ఈలోగా ఎవరో బట్టలు తగిలించే తీగ ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టారు. వెనక అద్దం గాలి కోసం వేలెడంత దించి ఉంది. తీగతో తలుపు తీయడం ఒకప్పటి విద్య. అప్పట్లో అద్దం అంచున పుట్టగొడుగులాంటి గుబ్బ ఉండేది, కొక్కెం తగిలించి పైకి లాగితే సరిపోయేది. దొంగలు కూడా అదే పని చేస్తున్నారని గుబ్బలను నున్నగా చేసి, తర్వాత తీసేశారు. కనుక నా గురి సీటు మీది రిమోట్. దాని మీద రెండు మీటలు, ఒక్కొక్కటీ చింతగింజంత. నాకూ వాటికీ మధ్య వణికే తీగ, అద్దానికి అంటుకున్న నా ముక్కు, వెనక పదిమంది సలహాదారులు. కుడికి అని ఒకరు, అది ఎవరి కుడి అని ఇంకొకరు. సూదిలో దారం ఎక్కించడం ఇంతకన్నా సులువు, సూది మనల్ని చూసి నవ్వదు. పావుగంటకు తీగ కొన ఒక మీట మీద ఆనింది. ఊపిరి బిగబట్టి నొక్కాను. "కుయ్" మంది! లైట్లు మిణుకుమన్నాయి. వెనక చప్పట్లు. విజేతలా పిడి పట్టి లాగాను.

రాలేదు. నేను నొక్కింది తాళం వేసే మీట.

మళ్లీ గురి పెట్టాను. కుయ్. మళ్లీ తాళం. ఇంకోసారి. కుయ్. అప్పటికి నాలుగు సార్లు తాళం పడిన నా కారంత భద్రమైన వాహనం భూమ్మీద ఉండదు. "తాళం తెరిచినట్టు బొమ్మ ఉన్నది నొక్కాలి నాయనా" అన్నాడొక పెద్దాయన. ఆయన మాట మన్నించి తీగ కాస్త పక్కకు తిప్పాను. రిమోట్ మెల్లగా జారి, సీటుకూ వీపు దిండుకూ మధ్య సందులో మాయమైంది.

తర్వాత మెకానిక్ వచ్చాడు. తలుపు సందులో గాలి సంచి దూర్చి, ఉబ్బించి, ఇనుప కడ్డీతో లోపలి పిడి లాగేశాడు. అరనిమిషం పట్టలేదు. తలుపు తెరుచుకోగానే అలారం మొదలైంది. ఆపాలంటే రిమోట్ నొక్కాలి. తల సీటు సందులో, కాళ్లు రోడ్డు మీద పెట్టి వెతుకుతుంటే ఫోన్ మోగింది. మా సేవ ఎలా ఉందో ఒకటి నుంచి అయిదు వరకు నొక్కి చెప్పండి అంది రికార్డు గొంతు. కసిగా ఒకటి నొక్కాను.

టైరు పంక్చరు ఫిర్యాదు నమోదైందని సందేశం వచ్చింది. మనిషి బయలుదేరాడట.