కథ అయ్యాక నీతి అడగకండి

ఏడు చేపల కథ వినకుండా పెరిగిన తెలుగువాళ్లు తక్కువ. రాజుగారి ఏడుగురు కొడుకులు ఏడు చేపలు తెచ్చి ఎండేస్తే ఒకటి ఎండలేదు. 'చేపా చేపా ఎందుకెండలేదు?' అని మొదలైన ఆరా గడ్డిమోపు, ఆవు, గొల్లవాడు, అవ్వ, పాప మీదుగా చీమ పుట్ట దాకా పోతుంది. కథ నిండా ప్రశ్నలే. అదే కథ మన ప్రాథమిక పాఠశాలలో చెబితే చివర మిగిలే ప్రశ్న ఒక్కటి: 'ఈ కథలోని నీతి ఏమిటి?' పిల్లలు కోరస్‌గా ఏదో చెబుతారు, బోర్డు మీద ఉన్నది నోట్సులో ఎక్కించుకుంటారు. ఎండిపోయిన ఆ ఆరు చేపలూ ఏమయ్యాయని రెండో తరగతి పిల్ల ఎవరైనా అడిగితే 'ముందు నీతి రాయమ్మా' అంటారు. నిజానికి ఆ పూట తరగతిలో కథను సరిగ్గా విన్నది ఆ పిల్లే.

విజయవాడ, గుంటూరు నగరాల్లో, వాటి చుట్టుపక్కల పల్లెల్లో ప్రతి ప్రాథమిక తరగతిలోనూ రోజుకు పదిహేను నిమిషాలు టీచర్ పుస్తకం పట్టుకుని కథ పైకి చదవాలని, తర్వాత పిల్లలను మాట్లాడనివ్వాలని మేము కోరుతున్నాం. దానికి పరీక్ష ఉండకూడదు, మార్కులు ఉండకూడదు. కొత్త పథకం పేరు కూడా అక్కర్లేదు. పేర్లకు మనకు కొదవ లేదు. 2020లో రాష్ట్రం 'చదవడం మాకిష్టం' అంది. 2021లో కేంద్రం 'నిపుణ్ భారత్' ప్రకటించి, 2026-27 నాటికి మూడో తరగతి దాటే ప్రతి బిడ్డకూ చదవడం, లెక్కలు చేయడం రావాలని గడువు పెట్టింది. పల్లె పిల్లల చదువును కొలిచే ఆసర్ సర్వేలో 2024లో మాత్రం దేశంలోని పల్లెల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 27.1 శాతమే.

ఈ అంకె చూడగానే అధికారులకు తోచే మందు ఇంకాస్త డ్రిల్లు. తెలుగు చదవడం నేర్చుకునే పిల్ల ముందు గుణింతాలు దాటాలి, ఆ తర్వాత వత్తులు దాటాలి. 'స్నే-హి-తు-డు' అని కూడబలుక్కునేసరికి వాక్యం మొదట్లో ఏముందో మర్చిపోతుంది. అర్థం లేని చదువు ఎన్ని గంటలు చదివినా ఎక్కడి గొంగళి అక్కడే. అదే పిల్ల చెవులకు ఏ అడ్డూ లేదు. తాను చదవలేని కథను విని గడగడా తిరిగి చెప్పేస్తుంది. పెద్దవాళ్లు చక్కగా చదివి వినిపిస్తే వాక్యం ఎక్కడ ఆగుతుందో, రాక్షసుడి మాటకూ కుందేలు మాటకూ గొంతు ఎలా మారుతుందో చెవికి పడుతుంది. ఇంట్లో 'ఎట్టా', 'ఏంది' అని మాట్లాడే పిల్లకు పుస్తకంలోని 'ఎలా', 'ఏమిటి' పరాయివి కాకుండా పోతాయి. రేపు తానే చదివేటప్పుడు సగం మాటలు అప్పటికే తెలిసినవై ఉంటాయి.

ఇంట్లో తల్లిదండ్రులు చదివి వినిపించరా అనే పెద్దలు ఒకసారి తెల్లవారుజామున గుంటూరు మిర్చి యార్డు వైపు వెళ్లి రావాలి. బస్తాలు మోసే తండ్రి, తొడిమలు తీసి సాయంత్రం మంటెక్కిన చేతులతో ఇంటికొచ్చే తల్లి పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని కథల పుస్తకం తెరుస్తారా? ఆ పిల్లకు పుస్తకం చదివి వినిపించే మనిషి లోకంలో ఒక్కరే, టీచర్. అపార్టుమెంట్ల పిల్లల సంగతీ అంత గొప్పగా లేదు. వాళ్ల చేతికి ఫోన్ వచ్చింది, కథ చెప్పే నాయనమ్మ సొంతూళ్లో ఉండిపోయింది. ఇక ఒలింపియాడ్ పేరుతో మూడో తరగతి నుంచే టెస్టులు పెట్టే ప్రైవేటు బడుల్లో కథ అంటే టైం వేస్టు.

చదవడం సగం పనే. మిగతా సగం ఎలా ఉంటుందో చూద్దాం. టీచర్ వాన కథ చదువుతున్నారు. ఊళ్లోకి ఏరు వచ్చింది, మేకపిల్ల కప్పు మీద చిక్కుకుంది. పేజీ తిప్పే ముందు ఆగి, 'మీరైతే ఏం చేసేవాళ్లు?' అని అడిగి ఊరుకోవాలి. ఆ ఊరుకోవడమే కష్టం. అయిదు సెకన్లు నిశ్శబ్దంగా ఉంటే మనకు టెన్షన్ వచ్చి జవాబు మనమే చెప్పేస్తాం. అది విజయవాడ సింగ్‌నగర్ బడి అనుకోండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు ఆ వీధుల్లో పడవలు తిరిగాయి. 'మా ఇంట్లోకీ నీళ్లొచ్చినయ్ టీచర్, మా బుక్స్ అన్నీ పోయినయ్' అని ఒక పిల్లాడు అనొచ్చు. అది పాఠ్యాంశంలో లేదని ఆపితే వాడు మళ్లీ నోరు విప్పడు. 'అప్పుడు నీకేమనిపించింది?' అంటే పక్కవాడూ అందుకుంటాడు. ఒకటి, రెండు తరగతుల వాళ్లు చెప్పలేనిది బొమ్మ వేస్తారు. నాలుగు, అయిదు తరగతుల వాళ్లు రెండు వాక్యాలు రాస్తారు. ఆ వాక్యాల మీద ఎర్ర ఇంకు పడకూడదు. అక్షరదోషాలు దిద్దుకోవడానికి వేరే పీరియడ్లు బోలెడు.

ఇందులో ఒక జాగ్రత్త. ఇంట్లో తాగుడు, గొడవలు ఉన్న పిల్ల కథ విని మౌనంగా ఉండిపోతే గుచ్చి గుచ్చి అడగకూడదు. అందరి ముందూ ఏడిపించడం ఆలోచింపజేయడం అనిపించుకోదు. ఏ పిల్లను కదపాలో, ఏ పిల్లను వదిలేయాలో సర్క్యులర్ చెప్పలేదు, ఆ తరగతి టీచర్‌కే తెలుస్తుంది.

అయిదు తరగతులకూ ఒకే టీచర్ ఉన్న బడిలో ఇదెలా అని అడుగుతారు. అక్కడే ఇది సులువు. గుణకారం నేర్పాలంటే తరగతులను విడదీయాలి, కథకు అందరూ ఒకే చాప మీద కూర్చోవచ్చు. ఏ భాషలో అంటే, ముందు పిల్లల ఇంటి భాషలో. ఇంగ్లిష్ కథ ఒక్కో లైను చదివి తెలుగులో అర్థం చెబుతూ పోతే కథా మిగలదు, ఇంగ్లిషూ రాదు. మన పాఠ్యపుస్తకాల్లో ఎలాగూ ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్. తెలుగు కథ మనసుకెక్కాక రెండో రోజు ఇంగ్లిష్‌లో చదివితే అప్పుడు పని జరుగుతుంది. విజయవాడ వన్‌టౌన్‌లో ఉర్దూ మాట్లాడే పిల్లలున్న తరగతులకు ఉర్దూ కథలు ఇవ్వాలి.

పుస్తకాలను జనం దగ్గరకు తీసుకెళ్లడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. ఆంధ్రదేశ గ్రంథాలయాల తొలి మహాసభ 1914 ఏప్రిల్ 10న జరిగింది బెజవాడలోనే. 1935లో పాతూరి నాగభూషణం గారు కాలువ మీద పడవలో గ్రంథాలయమే నడిపారు. ఈ రోజు చాలా బడుల్లో కథల పుస్తకాలు పడవ కాదు, బీరువా దాటడం లేదు. పేజీ చిరిగితే ఆడిట్‌లో ఎవరు జవాబు చెప్పాలన్న భయంతో తాళం పడుతుంది. నలిగి, అంచులు చిరిగిన పుస్తకాన్ని వాడిన పుస్తకంగా లెక్క రాసే వెసులుబాటు హెడ్మాస్టర్లకు ఇవ్వాలి. ప్రతి జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి వేల మంది వస్తారు. అక్కడ బడులు తామే చూసి కథల పుస్తకాలు కొనుక్కునేలా కాస్త నిధి కేటాయిస్తే, కేంద్రీకృత కొనుగోళ్లలో వచ్చి పడే నీతికథల గుట్టలు కొంతైనా తగ్గుతాయి.

అన్నిటికంటే ముందు చేయాల్సింది రెండు జిల్లాల విద్యాధికారుల చేతిలో ఉంది. మధ్యాహ్న భోజనానికి ఫొటో, హాజరుకు ఫొటో అంటూ టీచర్ల చేతిలో ఇప్పటికే ఫోన్ ఉంటోంది. కథ చదివే పదిహేను నిమిషాలకూ ఫొటో అప్‌లోడ్ చేయమంటే పుస్తకం బల్ల మీదా, ఫోన్ చేతిలో ఉంటాయి. కథ పీరియడ్‌కు ఫొటో, రిజిస్టర్, గూగుల్ ఫారం ఏదీ అడగబోమని బడులు తెరిచే లోపు ఒక సర్క్యులర్ ఇవ్వండి. దానికి పైసా ఖర్చు లేదు.