ఓటమి ఎరుగని వీరుడట!

క్యూబా కుస్తీ యోధుడు మిహైన్ లోపెజ్ పేరు కనిపిస్తే చాలు, కింద "ఓటమి ఎరుగని వీరుడు" అని రాసేస్తున్నారు. మ్యాట్ మధ్యలో వదిలేసిన ఆ నల్ల బూట్ల ఫొటో, దాని కింద ఈ ముక్క. ఎన్నాళ్లని ఊరుకుంటాం?

అయ్యా, ఆయన ఓడాడు. గట్టిగానే ఓడాడు. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో దక్కింది అయిదో స్థానం, స్వర్ణం రష్యా వాడు ఖాసన్ బరోయెవ్‌ది. 2006 ప్రపంచ పోటీల ఫైనల్లో అదే బరోయెవ్ చేతిలో పోయాడు. 2011 ఫైనల్లో తుర్కియే వాడు రిజా కాయాల్ప్ కొట్టాడు, అదీ ఇస్తాంబుల్‌లో, తుర్కియే జనం కేకల మధ్య. 2015 ఫైనల్లోనూ కాయాల్పే. ఇవన్నీ తుడిచేస్తే ఆయన కెరీర్‌లో సగం పోయినట్టే.

ఎందుకంటే తర్వాత జరిగింది చూడండి. బరోయెవ్‌ని 2008 బీజింగ్ ఫైనల్లో పడగొట్టాడు. ఇస్తాంబుల్ బాకీ ఏడాది తిరక్కుండా లండన్ సెమీస్‌లో తీర్చాడు. 2015 బాకీకి రియో ఫైనల్లో 6-0. టోక్యో సెమీస్‌లో మళ్లీ కాయాల్పే ఎదురైతే 2-0. ప్రపంచ టైటిళ్లు లెక్కేస్తే ఇద్దరివీ అయిదేసి. ఒలింపిక్ స్వర్ణాలు మాత్రం లోపెజ్‌వి అయిదు, కాయాల్ప్‌కి ఒక్కటీ లేదు. నాలుగేళ్లకోసారి వచ్చే ఆ ఒక్క రోజుకి ఈ మనిషి ఎలా తయారై వచ్చేవాడో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

ఓటమి ఎరుగని అనే మాట ఎవరికైనా కాస్త అతుకుతుందంటే అది రష్యా కుస్తీ యోధుడు అలెగ్జాండర్ కరేలిన్‌కి. 13 ఏళ్లు ఎవరికీ లొంగలేదు. 2000 సిడ్నీ ఫైనల్లో అమెరికా వాడు రూలన్ గార్డ్నర్ చేతిలో 0-1, అంతటితో ఆపేశాడు. కరేలిన్ గొప్పోడు కాదని ఎవరంటారు? కానీ ఓడిన వాడి దగ్గరికే తిరిగెళ్లి పట్టు వేసేవాడంటే నాకు ఇంకాస్త ఎక్కువ ఇష్టం.

ఇంకో గోల, లోపెజ్ ఆడే గ్రీకో-రోమన్ కుస్తీ బోరు అని. కాళ్లు పట్టకూడదు, నడుము కింద చెయ్యి పడకూడదు, ఇద్దరూ తోసుకోవడమే అని. ఒక్కసారి దగ్గర్నుంచి చూడండి. రిఫరీ ఒకణ్ని మందకొడిగా ఆడుతున్నావని కింద పెట్టించాడు. వాడు పొట్ట మ్యాట్‌కి అతికించేసి, మోచేతులు పక్కలకి బిగించి, చెయ్యి దూరే సందు లేకుండా చేస్తాడు. లోపెజ్ తొందరపడడు. ఛాతీ మొత్తం వాడి వీపు మీద మోపి, నడుం చుట్టూ చేతులు పోనిచ్చి, తాళం వేసినట్టు బిగిస్తాడు. వాడి ఊపిరి సన్నబడేదాకా నొక్కి ఉంచి ఒక్క దొర్లింపు. వీపు మ్యాట్ వైపు తిరిగిందా, 2 పాయింట్లు. అవతలి వాడు 130 కిలోల మనిషి. బోరట!

సరే, 2024 పారిస్ ఒలింపిక్స్. టోక్యో తర్వాత మూడేళ్లు ఎక్కడా పోటీకి దిగలేదు. అప్పటికి ఇంకో రెండు వారాల్లో 42 నిండుతాయి. ఇరాన్ వాడు మీర్జాజాదే, 2023 ప్రపంచ ఛాంపియన్, వాణ్నీ 3-1తో దాటాడు. కాయాల్ప్ ఆ పోటీల్లో లేడు, డోపింగ్ కేసు. నాకు అదొక్కటే వెలితి.

ఫైనల్లో ఎదురొచ్చింది యాస్మానీ అకోస్టా. చిలీ తరఫున ఆడినా పుట్టింది క్యూబాలోనే. ఒకప్పుడు లోపెజ్‌తో కలిసి సాధన చేసినవాడు. ఆ బరువులో లోపెజ్ ఉన్నంతకాలం క్యూబా జట్టులో తనకి చోటు రాదు. 2015లో పోటీకని చిలీ వెళ్లి అక్కడే ఉండిపోయాడు. జెండా మార్చుకున్నాడు, తొమ్మిదేళ్లు కష్టపడ్డాడు, ఎట్టకేలకు ఒలింపిక్ ఫైనల్‌కి వచ్చాడు. తీరా చూస్తే ఎదురుగా మళ్లీ ఆయనే! 6-0.

అదే రోజు లోపెజ్ బూట్లు విప్పి మ్యాట్ మీద వదిలేశాడు, కుస్తీలో అలా చేస్తే ఇక ఆట చాలించినట్టు. ఒకే వ్యక్తిగత ఈవెంట్‌లో వరసగా అయిదు స్వర్ణాలు, ఒలింపిక్స్‌లో ఇంకెవరికీ లేవు. అకోస్టాకి వచ్చిన రజతం కుస్తీలో చిలీకి మొదటి ఒలింపిక్ పతకం. ఈసారి ఆ బూట్ల ఫొటో పెట్టేటప్పుడు అతని పేరు కూడా ఒక ముక్క రాయండి, ప్లీజ్.